స్విచ్ ఆపితే కరెంటు ఎక్కడ ఆగుతుంది?

మా అమ్మ ఉండే ఇల్లు నలభై ఏళ్ళ నాటిది. వరండాలో ఇప్పటికీ చెక్క బోర్డు, దాని మీద నల్లటి బేకలైట్ స్విచ్‌లు. ఆ మధ్య వెళ్ళినప్పుడు అమ్మ రెండు సంగతులు చెప్పింది. "ఈ స్విచ్ వేస్తే చిటచిటమంటోందిరా. పైగా ఆపేశాక కూడా లైటు మినుకుమంటూనే ఉంటోంది." రాత్రి చూస్తే నిజమే. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, ఎల్ఈడీ బల్బులో మాత్రం మిణుగురు పురుగంత వెలుతురు.

చిటచిట సంగతి ముందు చూద్దాం. స్విచ్ లోపల ఉండేవి రెండు లోహపు ముక్కలు, ఒక స్ప్రింగు. ముక్కలు కలిస్తే కరెంటుకు దారి, విడిపోతే దారి తెగినట్టు. చిక్కంతా విడిపోయే క్షణంలో ఉంది. ఆ సన్నటి సందులో గాలే కాసేపు కరెంటును మోస్తుంది. మనకు కనిపించే నిప్పురవ్వ అదే. ముక్కలు ఎంత నెమ్మదిగా విడిపోతే రవ్వ అంతసేపు నిలిచి లోహాన్ని తినేస్తుంది. అందుకే 1884లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్, స్ప్రింగు బలంతో చటుక్కున విడిపోయే స్విచ్ తయారుచేశాడు. మనం వినే 'టక్' అనే చప్పుడు అలాంటి స్ప్రింగుదే. మన ఇళ్ళకొచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు దిగుతుంది కాబట్టి రవ్వ త్వరగానే ఆరిపోతుంది. కానీ స్ప్రింగు సడలితే ముక్కలు గట్టిగా ఆనవు, ఆనీ ఆననట్టు ఉంటాయి. అక్కడే చిటచిట, అక్కడే వేడి.

ఆ వేడి ఎంతో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 2000 వాట్ల గీజరు దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. స్విచ్‌లో లూజ్ కనెక్షన్ వల్ల 0.1 ఓమ్ నిరోధం ఏర్పడిందంటే ఆ ఒక్కచోట ఏడున్నర వాట్ల వేడి పుడుతుంది. చిన్న ఎల్ఈడీ బల్బు తినేంత కరెంటు ఆవగింజంత చోట కాలుతున్నట్టు. గీజరుకు 16 ఆంపియర్ల స్విచ్ పెట్టమనేది ఇందుకే. కాలిన వాసన వచ్చినా, ముట్టుకుంటే వెచ్చగా తగిలినా ఆ స్విచ్‌ను ఇక వాడకూడదు.

ఇక ఆపినా వెలిగే బల్బు. మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి బల్బు ఊడదీసి, స్విచ్ రెండు స్క్రూల మీదా టెస్టర్ పెట్టాడు. దేనిమీదా వెలగలేదు. "అమ్మగారూ, స్విచ్ న్యూట్రల్‌కి వేశారండీ" అన్నాడు. ఫేజు అంటే కరెంటు తెచ్చే తీగ, టెస్టర్ వెలిగేది దానిమీదే. న్యూట్రల్ అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ. ఎప్పుడో ఎవరో ఆ రెండూ తారుమారు చేశారు. స్విచ్ ఎప్పుడూ ఫేజులోనే ఉండాలి. న్యూట్రల్‌లో ఉంటే లైటు ఆరుతుంది గానీ ఫేజు బల్బు హోల్డర్ దాకా వచ్చి కూర్చునే ఉంటుంది. తీగకూ గోడకూ మధ్య ఉండే కెపాసిటెన్స్ (తాకకపోయినా ఏసీ కరెంటును కాస్త పోనిచ్చే గుణం) గుండా రవ్వంత కరెంటు కారుతుంది. పాత ఫిలమెంటు బల్బు దానికి వెలగదు, ఎల్ఈడీ వెలుగుతుంది. వైరింగ్ సరిగ్గానే ఉన్నప్పటికీ, తీగలు పక్కపక్కనే చాలా దూరం సాగితే, లేదా స్విచ్‌లో ఇండికేటర్ దీపం ఉంటే ఇలా జరగొచ్చు. కాబట్టి మినుకుమనగానే కంగారు వద్దు, కానీ ఒకసారి చూపించాలి. అమ్మ ఇన్నేళ్ళుగా స్టూలెక్కి, స్విచ్ ఆపాననే ధైర్యంతో ఆ బల్బులు మార్చింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఒంట్లోంచి 1 మిల్లీఆంపియర్ పోతే చిన్న జివ్వుమనడం తెలుస్తుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నది వదలలేకపోవచ్చు. 50 దాటిన కరెంటు సెకను పైగా ఛాతీ గుండా సాగితే గుండె లయ తప్పే ప్రమాదముంది. 9 వాట్ల బల్బు తీసుకునేదే దాదాపు 40 మిల్లీఆంపియర్లు! ఎంసీబీని, అంటే కరెంటు మరీ ఎక్కువైతే తనంతట పడిపోయే స్విచ్‌ను, తీగలు వేడెక్కకుండా పెట్టారు. ఇంత చిన్న కరెంటు దాని లెక్కలోకే రాదు. వెళ్ళిన కరెంటుకూ తిరిగొచ్చిన కరెంటుకూ తేడా పసిగట్టే స్విచ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ అయితే తెంచేస్తుంది. పాత ఇళ్ళలో చాలావాటికి అది లేదు, పెట్టించుకోవాలి.

స్విచ్ మనమే మార్చుకోవచ్చా? 2010 దాకా అమల్లో ఉన్న 1956 నాటి భారత విద్యుత్ నియమాల్లో 45వ నియమం, వైరింగ్ పనులు లైసెన్సున్న కాంట్రాక్టరే చేయాలని చెబుతూ, సామర్థ్యం మారకుండా బల్బులు, ఫ్యాన్లు, ఫ్యూజులు, స్విచ్‌లు మార్చడాన్ని మాత్రం మినహాయించింది. నా గీత కూడా అక్కడే. ఫేజు, న్యూట్రల్ సరిచేసే పని ఎలక్ట్రీషియన్‌కి వదిలేశాను, స్విచ్ నేను మార్చాను.

మన ఇళ్ళలో అసలు ప్రమాదం ఇన్వర్టర్‌తో. మెయిన్ ఆపగానే అది కరెంటు పోయిందనుకుని తన బ్యాటరీ నుంచి అదే బోర్డుకు సరఫరా మొదలుపెడుతుంది. కాబట్టి మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపాలి. ఫ్యూజు క్యారియర్ ఉంటే ఊడదీసి జేబులో వేసుకోవాలి, ఇంట్లో అందరికీ చెప్పాలి. "ఎలాగూ కరెంటు పోయిందిగా" అని కోత సమయంలో బోర్డు విప్పేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి, అది ఏ క్షణంలో తిరిగొస్తుందో మన చేతిలో ఉండదు.

టెస్టర్‌ను కూడా గుడ్డిగా నమ్మకూడదు. దాని లోపలి నియాన్ దీపం పాడైతే ఫేజు మీద పెట్టినా వెలగదు. అందుకే మెయిన్ ఆపకముందు ఒక సాకెట్‌లో పెట్టి, వెలుగుతోందని చూసుకున్నాను. ఆపాక అదే సాకెట్‌లో, తర్వాత బోర్డు విప్పి లోపలి ప్రతి స్క్రూ మీదా పెట్టాను. ప్రతి స్క్రూ ఎందుకంటే ఒక స్విచ్ నుంచి పక్క స్విచ్‌కి ఫేజు తీగ లూప్ చేసి ఉంటుంది. మెట్ల దగ్గరి టూవే స్విచ్‌లో అయితే, ఎటు నొక్కినా మధ్య తీగల్లో ఒకదానిలో కరెంటు ఉండనే ఉంటుంది.

తీగలు విప్పేముందు ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను. పాత స్విచ్‌లో రాగి నల్లబడి ఉంది. ఆ నల్లటి భాగం కత్తిరించేసి, సెంటీమీటరు మేర తొడుగు తీస్తే లోపల మెరిసే రాగి బయటపడింది. పోగులన్నీ మెలిపెట్టి, ఒక్కటీ బయటికి రాకుండా దూర్చి, తొడుగు స్క్రూ కింద పడకుండా బిగించాను. లాగి చూస్తే కదల్లేదు. తొడుగు పెళుసెక్కి రాలుతున్నా, అల్యూమినియం తీగ వంచగానే విరిగేలా ఉన్నా నేను అక్కడితో ఆపేసేవాణ్ణి. అలా ఉంటే అది వైరింగే మార్చాల్సిన ఇల్లు.

బోర్డు మూసి, మెయిన్ వేసి, అమ్మను పిలిచాను. స్విచ్ వేసింది, ఆపింది. టక్. ఆ రాత్రి వరండాలో పూర్తి చీకటి.