శవం కనిపించిందా?

ఇష్టమైన పాత్ర చనిపోగానే అభిమానులు ముందుగా వెతికేది శవాన్ని. అది కనబడకపోతే చాలు, ఎప్పుడు తిరిగొస్తాడన్న లెక్కలు మొదలవుతాయి. ఈ అనుమానానికి కథల్లోని డిటెక్టివ్ షెర్లాక్ హోమ్స్ మంచి ఆధారమే ఇచ్చాడు. 1893 డిసెంబరులో రచయిత కానన్ డాయిల్ అతణ్ణి స్విట్జర్లాండ్ జలపాతంలో ముంచేశాడు. కానీ అతని స్నేహితుడు వాట్సన్ కళ్లారా చూసిందేమిటి? అంచుదాకా వెళ్లి వెనక్కి రాని రెండు వరుసల అడుగుజాడలు, బండకు ఆనించిన చేతికర్ర, సిగరెట్ పెట్టె కింద ఒక ఉత్తరం. అంతే. 1903లో హోమ్స్ తాపీగా తిరిగొచ్చి, నేనసలు పడనేలేదన్నాడు.

లేని మనిషి కోసం ఇంత దిగులేమిటి? టీవీలో, రేడియోలో రోజూ పలకరించేవాళ్లతో మనకు ఒకవైపు స్నేహం కుదురుతుందని 1956లోనే హోర్టన్, వోల్ అనే పరిశోధకులు వివరించారు. తర్వాతివాళ్లు ఆ ఆలోచనను కల్పిత పాత్రలకూ వర్తింపజేశారు. పక్కమనిషి మనసు చదవడానికి వాడే తెలివినే మనం పాత్రల మీదా వాడతాం. ఇదంతా కట్టుకథేనని తెలిసినంత మాత్రాన ఏడుపు ఆగదు.

అలా ఏడ్చినందుకు విలువ దక్కిందా లేదా అన్నదే అసలు గొడవ అని నాకనిపిస్తుంది. హోమ్స్‌ను చూడగానే వాట్సన్ మూర్ఛపోతాడు, జీవితంలో మొదటిసారి, చివరిసారి కూడా. అంటే అతని దుఃఖం నిజమేనని కథ ఒప్పుకుంది. అమెరికన్ సీరియల్ 'డాలస్' ఆ మర్యాద పాటించలేదు. 1985లో చనిపోయిన బాబీ 1986లో స్నానాల గదిలో ప్రత్యక్షమయ్యాడు. మధ్యలో నడిచిన ఏడాది కథ, మాజీ భార్య పామ్ చేసుకున్న పెళ్లితో సహా, ఆవిడ కన్న కలట! ప్రేక్షకులకు ఒళ్లు మండిందంటే మండదా మరి?

1992లో సూపర్‌మ్యాన్ చనిపోయినప్పుడు ఆ కామిక్ పుస్తకం కాపీలు లక్షల్లో అమ్ముడుపోయాయి. మరుసటి ఏడాదే లేచి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ హీరో పోయినా కామిక్స్ పాఠకులు పెద్దగా కంగారుపడలేదు.

బ్యాట్‌మ్యాన్ అనుచరుడు జేసన్ టాడ్ సంగతి వేరు. 1988లో అతణ్ణి చంపాలా వద్దా అని పాఠకులనే ఫోన్ ఓటు అడిగారు. చంపమని 5,343, వద్దని 5,271. తేడా 72! అతని దుస్తులను బ్యాట్‌మ్యాన్ గాజు అలమరాలో పెట్టుకుని ఏళ్లతరబడి కుమిలిపోయాడు. 2005లో జేసన్ తిరిగొచ్చి బ్యాట్‌మ్యాన్‌ను నిలదీశాడు: నన్ను చంపిన జోకర్ ఇంకా ఎందుకు బతికున్నాడు? ఇద్దరిలో ఎవరిది న్యాయమని అభిమానులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు.