ఉందానగర్ దాటని రైలు

షాద్‌నగర్‌లోని నా మనవరాలికీ మనవడికీ తాత దీవెనలు.

దసరా సెలవులు ముగించుకొని మీరు తిరుగు ప్రయాణమైన నాడు, జడ్చర్ల స్టేషన్‌లో సీతాఫలాల గంప పక్కన కూర్చొని చిన్నది నన్నొక మాట అడిగింది. ‘‘తాతా, మా షాద్‌నగర్‌లో రెండు లైన్లున్నాయి, పైన కరెంటు తీగ కూడా ఉంది. మరి హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ మా ఊరికి ముందున్న ఉందానగర్ దాకా వచ్చి వెనక్కి ఎందుకు పోతది?’’ నేను నోరు తెరిచేలోపే మీ రైలు వచ్చేసింది. ఆ బాకీ ఈ ఉత్తరంతో తీరుస్తున్నాను.

ఈ సంగతి చెప్పడానికి నాకు చెరువు కన్నా మంచి దారి దొరకలేదు, ఎందుకంటే నాకు బాగా తెలిసింది చెరువొక్కటే. మన ఊళ్ల మీదుగా పోయే తాగునీటి పెద్ద పైపును చూశారు కదా, దాని కడుపు నిండా నీళ్లే ఉంటాయి గాని దారిలోని చేనుకు అది ఒక్క చుక్క కూడా విడవదు. తిరుపతికో బెంగళూరుకో పోయే ఎక్స్‌ప్రెస్ రైలు అటువంటిది. చెరువు కింది పంటకాలువ వేరు. ప్రతి మడి దగ్గరా దానికి పని ఉంటుంది. 2003 ఆగస్టులో హైదరాబాద్‌లో మొదలైన ఎంఎంటీఎస్ అటువంటి కాలువ. మాటిమాటికి ఆగి మళ్లీ పరుగందుకోవాలంటే ముందున్న ఒక్క ఇంజన్ లాగితే సరిపోదు కాబట్టి, ఆ రైలుకు కొన్ని పెట్టెల కిందనే మోటార్లు అమర్చి, రెండు కొసలా డ్రైవరు గదులు పెట్టారు. ఆఖరి స్టేషన్‌లో ఇంజన్ విప్పి అటు తిప్పి కట్టే తిప్పలు ఉండవు. డ్రైవరే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి వెళ్తాడు.

కాలువ తవ్వేవాడు మొట్టమొదట చూసేది వాటం, అంటే నేల వాలు. రైలుదారి వేసేవాడూ దాన్నే చూస్తాడు, కాకపోతే తలకిందులుగా చూస్తాడు: కాలువకు వాటం కావాలి, రైలుకు అది ఎంత తక్కువైతే అంత మేలు. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారే గుణం కలది కాబట్టి, వంద అడుగుల దూరానికి ఒక్క అడుగు లేచినా బరువు రైలుకు గుట్టెక్కినంత పని అవుతుంది. ఫలక్‌నుమా నుంచి మీ ఊరి వైపు నేల లేస్తూనే వస్తుంది. అందుకే మిట్ట వచ్చిన చోట కోత కోయాలి, పల్లం వచ్చిన చోట కట్ట పోయాలి.

ఆ కట్ట పోయడం అచ్చం చెరువు కట్ట పోసినట్టే ఉంటుంది. జానెడు మందాన మన్ను పరిచి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించి, గట్టిపడిందని పరీక్షించిన తరువాతే పై పొర వేస్తారు. తొందరపడి ఒక్కసారే కుప్ప పోస్తే నాలుగు వానలకే కుంగిపోతుంది. దాని మీద సుమారు అడుగు మందం కంకర పరుస్తారు. వాగులో దొరికే నున్నటి గుండ్రాయి దానికి పనికిరాదు, మొనదేలి పగిలిన రాయి కావాలి. ఆ మొనలు ఒకదానిలో ఒకటి ఇరుక్కొని, పట్టాల కింద అడ్డంగా ఉండే స్లీపరును కదలనివ్వవు, వాన నీటిని మాత్రం సందుల్లోంచి దించేస్తాయి. కాబట్టి బిడ్డలారా, పల్లికాయ పొట్టు, బిస్కెట్ కాగితాలు కిటికీలోంచి పారేయవద్దు. ఆ సందులు పూడితే నీరు నిలుస్తుంది, నీరు నిలిచిన చోట కింది మన్ను బురదై కంకరలోకి ఉబుకుతుంది. ఈ మాట తాత చెప్పాడని మీ అమ్మకు కూడా చెప్పండి. చిన్నప్పుడు ఆమె విన్నది కాదు.

నా చిన్నతనంలో ఈ దారి మీటరు గేజి. రెండు పట్టాల నడుమ సరిగ్గా ఒక మీటరు ఉండేది. ఇప్పటి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు. అప్పుడు లైను కూడా ఒక్కటే ఉండేది. ఎదురు రైలు ఉన్నదంటే గొల్లపల్లి వంటి చిన్న స్టేషన్‌లో మా రైలు పక్క పట్టా మీద గంటసేపు ఆగిపోయేది, ‘‘క్రాసింగ్ పడింది’’ అనుకుంటూ జనమంతా దిగి వేపచెట్టు కింద చేరేవాళ్లు. నేను మాత్రం స్టేషన్ మాస్టరు గది కిటికీ దగ్గరే నిలబడేవాణ్ని. లోపలి యంత్రంలోంచి ఆయన బత్తాయి పండంత లోహపు గుండు ఒకటి తీసి, తోలు సంచిలో పెట్టి, ఆ సంచి వేలాడే బెత్తపు వలయాన్ని మనిషికిచ్చి బయటికి పంపేవాడు. కదులుతున్న ఇంజన్ మెట్టు మీద నిలబడిన ఫైర్‌మన్ దాన్ని మోచేతికి తగిలించుకొని లాక్కుపోయేవాడు. ఈ స్టేషన్ యంత్రానికీ అవతలి స్టేషన్ యంత్రానికీ తీగతో ముడి ఉండేది. ఒక గుండు బయట ఉన్నంతసేపు రెండో గుండు ఏ పక్కనా ఊడి రాదు. గుండు చేతిలో ఉన్న డ్రైవరుదే దారి. మన నీరడి చేతిలోని తూము బిరడాలాగా అన్నమాట. ఆ గుండును ఒక్కసారి పట్టుకోవాలని నాకు ఎంతో ఆశగా ఉండేది, తీరలేదు.

ఆ ఒక్క లైను పక్కన రెండోది వేసి, పైన 25,000 వోల్టుల తీగ లాగే పని ఈ మధ్యనే ముగిసింది. సికింద్రాబాద్ - మహబూబ్‌నగర్ మార్గంలో 85 కిలోమీటర్లకు పైగా, సుమారు 1,410 కోట్ల రూపాయలతో జరిగిన ఆ పనిని 2023 ఏప్రిల్ 8న ప్రధానమంత్రి జాతికి అంకితం చేశారు. ఎంఎంటీఎస్‌కు 13 కొత్త సర్వీసులు మొదలైంది కూడా ఆ రోజే. కాబట్టి చిన్నది అడిగినదాంట్లో తప్పేమీ లేదు. కాలువ మీ వాకిట్లోకి వచ్చింది గాని, అందులో మీ మడికి వంతు రాలేదు.

వంతు రావాలంటే మన్ను, కంకర, ఇనుము చాలవు. రెండు స్టేషన్ల మధ్య ఒక్క రైలే ఉండాలన్న పాత పద్ధతిలో పది నిమిషాలకో రైలు నడపడం కుదరదు. దారి పొడవునా దగ్గర దగ్గరగా సిగ్నళ్లు పెడితేనే ఒకదాని వెనక ఒకటి పోగలవు. రైళ్లు పెరిగితే రోడ్డు మీద గేటు పడుతూనే ఉంటుంది, గేటు పడుతూ ఉంటే ఎడ్లబండి నుంచి ఆసుపత్రి బండి దాకా అన్నీ నిలబడతాయి కాబట్టి, పైనుంచో కిందనుంచో రోడ్డును దాటించాలి. వచ్చిన రైలు నిలబడి తిరిగిపోవడానికి వేరే పట్టా కావాలి. వీటన్నిటికీ డబ్బు పెట్టేది రెండు ఇళ్లవాళ్లు: ఎంఎంటీఎస్ రెండో దశలో రాష్ట్ర ప్రభుత్వానిది రెండు వంతులు, రైల్వేది ఒక వంతు. ఇద్దరు పాలివాళ్లు కలిసి తవ్వే కాలువ ఎప్పటికి పూర్తవుతుందో మన ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు.

ఇంతసేపూ కాలువ, కాలువ అంటున్నాను గాని, పెద్దవాడు ఈపాటికే నన్ను పట్టుకొని ఉంటాడు: పొద్దున పోయిన నీళ్లు సాయంత్రానికి చెరువులోకి తిరిగి రావు కదా తాతా, అని. నిజమే, నా పోలిక అక్కడ తెగిపోయింది. కానీ ఆ తెగిన చోటనే నాకు ఈ రైలు మీద ప్రేమ. మా నాయన పాలమూరు కూలీ. మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని, తట్టా పారా పట్టుకొని, పేరు కూడా పలకరాని ఊళ్లలో చెరువు కట్టలూ కాలువలూ పోయడానికి వెళ్లేవాడు. దసరా దాటిందంటే పోయి, మళ్లీ ఎండలు ముదిరాక వచ్చేవాడు. ఒక ఏడు ఆయన వాకిట్లోకి అడుగు పెడితే మా ఇంటి కుక్కే ఆయనను చూసి మొరిగింది. ఆయన నవ్వి తట్ట కింద పెట్టాడు గాని, ఆ పూట అన్నం సగమే తిన్నాడు. మీ నాన్న పొద్దున హైదరాబాద్‌కు పోయి, ఎంత పొద్దుపోయినా రాత్రికి మీ పక్కన కూర్చొని తింటున్నాడు. నాలుగు రైళ్లు పెరిగితే ఇంకొంచెం ముందుగా వస్తాడు.

వచ్చే ఆదివారం ఆయనను తోడు తీసుకొని స్టేషన్‌కు పోండి. పట్టాల మీదికి దిగకూడదు, ప్లాట్‌ఫారం మీదనే గీతకు ఇవతల నిలబడి, ఒక కరెంటు స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా ఎన్ని స్లీపర్లున్నాయో ఇద్దరూ వేర్వేరుగా లెక్కపెట్టండి. ఒక స్లీపరు నడుమ నుంచి మరో స్లీపరు నడుమకు సుమారు అరవై సెంటీమీటర్లు ఉంటుంది. గుణించి స్తంభాల దూరం నాకు రాయండి. ప్రతి స్తంభం మీదా పైన కొన్ని అంకెలు, కింద కొన్ని అంకెలు రాసి ఉంటాయి. అవి ఏమి చెబుతున్నాయో నేను చెప్పను, వరసగా నాలుగు స్తంభాలు చూసి మీరే కనిపెట్టండి.

మీ తాత