కాఫీ షాపు, బారు కలిపి కట్టేవారికి: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో పగలు కాఫీ, సాయంత్రం బారు నడిపే స్థలం కావాలని వచ్చేవారిలో చాలామంది వేలాడే లైట్లు, గోడ రంగు, సోఫా గుడ్డ అన్నీ ముందే ఎంచుకుని ఉంటారు. కౌంటర్ సంగతి అడిగితే మాత్రం "అది ఫర్నిచరే కదా సార్, టైల్స్ అయ్యాక పెట్టేద్దాం" అంటారు. నేను చూసినంతలో యజమానుల డబ్బును ఎక్కువగా తినేసిన అపోహ ఇదే.

కౌంటర్ ఫర్నిచర్ కాదు, వంటగది. ఎస్ప్రెస్సో మిషన్, ఐస్ మిషన్, గ్లాసులు కడిగే సింకు, అన్నింటికీ నీరు రావాలి, వాడిన నీరు పోవాలి. ఒకేసారి రెండుచోట్ల కాఫీ దించే రెండు గ్రూపుల మిషన్ ఒక్కటే 3 నుంచి 4 కిలోవాట్ల దాకా తీసుకుంటుంది కాబట్టి, కరెంటు సంస్థ ఎన్పీడీసీఎల్‌కు లోడు దరఖాస్తు కూడా కౌంటర్ లెక్క తేలాకే పెట్టాలి. డ్రెయిన్ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఇస్తే 12 అడుగుల దూరానికి 3 అంగుళాలు అవుతుంది; దానికి 2 అంగుళాల పైపు, పైన టైల్ మందం కలిపితే, పైపుల కోసం స్లాబును ముందే కిందికి దించి పోయని మొదటి అంతస్తులో కౌంటర్ వెనుక దాదాపు 6 అంగుళాల గద్దె కట్టక తప్పదు. ఆ గద్దె మీద నిలబడి పనిచేసేవారికి 36 అంగుళాల ఎత్తు చాలు. అదే కౌంటర్ గిరాకీ వైపు నుంచి 42 అంగుళాలై, 30 అంగుళాల స్టూలుకు చక్కగా సరిపోతుంది. ముందే లెక్కవేసుకుంటే ఒకే గద్దెతో రెండు పనులూ నెరవేరుతాయి.

నాలుగేళ్ల కిందట నక్కలగుట్టలో ఒకాయన అంతా పూర్తయ్యాక నన్ను పిలిచారు. సాయంత్రమయ్యేసరికి దుర్వాసన వస్తోందట, బారున్నచోట అది మామూలేనని ఎవరో నమ్మబలికారట. వాలు లేకుండా పరిచిన పైపులో కాఫీ పిప్పి పేరుకుపోయి కుళ్లుతోంది. కొత్త గ్రానైట్ పగలగొడుతుంటే ఆయన చూడలేక బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నారు.

ఆర్వో ఉంటే మిషన్‌కు ఢోకా లేదన్నది మరొక పుకారు. మన బోరు నీటి కాఠిన్యం మిషన్‌లో పెచ్చులు కట్టిస్తుందన్నది నిజమే, కానీ లవణాలన్నీ తీసేసిన నీటితో కాఫీ చప్పబడుతుంది. నీటిని పరీక్షించాకే ఫిల్టర్ ఎంచుకోవాలి.

మామూలు జిప్సం ఫాల్స్ సీలింగ్ గోలను పెద్దగా మింగదు, గుడ్ల అట్టలైతే అసలే దండగ. కరీంనగర్ గ్రానైట్, అద్దాలు నిండిన హాలులో మోతను తగ్గించాలంటే వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానాలను గోడకు రెండు అంగుళాల ఎడంతో వేలాడదీయండి, నిప్పంటుకోకుండా మందు పట్టించడం మాత్రం మరవకండి. బారంటే చీకటే అనేవారికి నా జవాబు ఒక్కటే: వెచ్చని లైట్లను డిమ్మర్ మీద పెట్టండి, మెనూ కనబడనివ్వండి.

తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు కనుక, కాఫీకి వచ్చే కాలేజీ పిల్లలు బారు మీదుగా నడిచే దారి పెట్టవద్దు. లైసెన్సు ప్లానులోని హద్దులను ఎక్సైజ్ అనుమతి లేకుండా జరపవద్దు.

టైల్స్ ఇప్పటికే వేసేసినవారు బెంగపడవలసిన పని లేదు. కౌంటర్‌ను టాయిలెట్ లేదా కిచెన్ గోడ దగ్గరికి జరపగలిగితే పైపు పొడవు, దానితో పాటు కావలసిన వాలు కూడా తగ్గుతాయి. అప్పుడు పాత టైల్స్ మీదే చిన్న గద్దె కట్టుకుని, ఏదీ పగలగొట్టకుండా చాలాసార్లు బయటపడవచ్చు.