మిలిటరీ ఆయన ఫుట్‌పాత్ మీద ఎందుకుంటాడు? కొన్ని అపోహలు - వాస్తవాలు

నిరాశ్రయుల షెల్టర్ పనిలో ఉన్నవాళ్లం రాత్రిపూట కాజీపేట జంక్షన్, వరంగల్ స్టేషన్, ఎంజీఎం ఆసుపత్రి చుట్టుపక్కల తిరుగుతుంటాం. పడుకున్నవాళ్లలో అప్పుడప్పుడు మాజీ సైనికులు కూడా ఉంటారు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు.

అపోహ: "మిలిటరోళ్లకు పెన్షన్ ఉంటది కదా!"

అందరికీ ఉండదు. జవానుకు సర్వీస్ పెన్షన్ రావాలంటే మామూలుగా 15 ఏళ్లు పూర్తి కావాలి. మధ్యలో వచ్చేసినవాళ్లకు నెలనెలా ఆ పెన్షన్ రాదు.

పెన్షన్ ఉండి కూడా అందనివాళ్లు ఇంకో రకం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఇవ్వకపోతే స్పర్శ్‌లో, అంటే సైనిక పెన్షన్లు ఇచ్చే ఆన్‌లైన్ వ్యవస్థలో, పెన్షన్ ఆగిపోతుంది. ఇల్లు వదిలి తిరిగే మనిషికి ఆ సంగతి ఎవరు గుర్తు చేస్తారు? సర్టిఫికెట్ ఇస్తే ఆగిన డబ్బు బకాయిలతో సహా వస్తుంది. వేలిముద్ర పడని ముసలి చేతులకు ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించే పద్ధతి కూడా ఉంది. ఇక ఏటీఎం కార్డు కొడుకు జేబులో ఉండే ఇళ్ల సంగతి అడగకండి. పెన్షన్ ప్రతినెలా పడుతూనే ఉంటుంది, తండ్రి మాత్రం ప్లాట్‌ఫాం మీద ఉంటాడు. అలాంటప్పుడు ముందు బ్యాంకుకు పోయి కార్డు బ్లాక్ చేయించాలి, తర్వాత 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర దరఖాస్తు పెట్టాలి. "నా కొడుకు మీద కేసా, వద్దు బిడ్డా" అంటారు చాలామంది. బలవంతం చేయలేం. కార్డు బ్లాక్ చేయించడానికైతే ఒప్పుకుంటారు.

అపోహ: "డిశ్చార్జి బుక్ పోతే ఇక అంతే."

నన్నడిగితే ఎక్కువమందిని ముంచేది ఇదే. డిశ్చార్జి బుక్ అంటే సైన్యం నుంచి వచ్చేసేటప్పుడు ఇచ్చే సర్వీసు వివరాల పుస్తకం. అది పోయినా ఆర్మీ నంబర్ ఉంటే దారి ఉంది. పొద్దున ఏం తిన్నాడో చెప్పలేని తాతను "మీ నంబర్ చెప్పండి సాబ్" అని అడిగి చూడండి. చివర వచ్చే ఇంగ్లిష్ అక్షరంతో సహా గడగడా చెప్పేస్తాడు. ఆయన మర్చిపోతే ఊళ్లో ఇంట్లో పాత నల్ల ట్రంకు పెట్టె ఉందేమో కనుక్కోవాలి. దాని మీద తెల్ల పెయింట్‌తో పేరు, నంబర్, యూనిట్ రాసి ఉంటాయి. యూనిట్ తెలిస్తే సర్వీసు వివరాల కోసం ఏ రికార్డ్ ఆఫీసుకు రాయాలో తెలుస్తుంది. ఈఎంఈ (వాహనాలు, యంత్రాల మరమ్మతు చూసే విభాగం) అయితే సికింద్రాబాద్, ఆర్టిలరీ (ఫిరంగి దళం) అయితే నాసిక్. డిస్మిస్ అయినవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మాజీ సైనికుడి హోదా రాదు. వాళ్లకైనా షెల్టర్ తలుపు తెరిచే ఉంటుంది.

అపోహ: "పెన్షన్ లేకపోతే సైనిక సంక్షేమం వాళ్లు ఏం చేస్తారు?"

65 ఏళ్లు దాటి, పెన్షన్ లేని, హవల్దార్ ర్యాంకు వరకు పనిచేసిన మాజీ సైనికులకు, వాళ్ల వితంతువులకు కేంద్రీయ సైనిక్ బోర్డు ద్వారా నెలకు 4,000 రూపాయల సాయం ఉండేది. 2025లో దాన్ని 8,000 చేశారు. దరఖాస్తు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే వెళ్లాలి. హన్మకొండలో ఆ మొత్తానికి చిన్న గది అద్దె కట్టి, వండుకుని తినొచ్చు.

అపోహ: "ఆధార్ లేనిదే షెల్టర్‌లో పడుకోనియ్యరు."

అడ్రస్ లేదని ఎవర్నీ వెనక్కి పంపకూడదు. పైగా ఆధార్ కోసం షెల్టర్ నిర్వాహకులే సర్టిఫికెట్ ఇవ్వొచ్చు.

అపోహ: "తాగుడు మానితేనే గది ఇప్పియ్యాలె."

షెల్టర్ లోపల తాగనివ్వం, అది వేరే సంగతి. కానీ ఫుట్‌పాత్ మీద ఉంచి తాగుడు మాన్పించడం మా వల్ల కాలేదు, ఎవరి వల్లా అవుతుందనుకోను. అమెరికాలో 2024 జనవరి లెక్క ప్రకారం ఇల్లు లేని మాజీ సైనికులు 32,882 మంది. అక్కడ హడ్-వాష్ అనే పథకంలో అద్దె సాయంతో పాటు వెంట ఉండి చూసుకునే కేస్ మేనేజర్‌నూ ఇస్తారు. ముందు ఇల్లు, తర్వాత వైద్యం. మన దగ్గర మాజీ సైనికులకని అలాంటి ప్రత్యేక పథకం లేదు కాబట్టి ఆ కేస్ మేనేజర్ పని మేమే ముక్కలు ముక్కలుగా చేస్తాం. నిద్ర పట్టక రాత్రంతా కూర్చునేవాళ్ల కోసం టెలి-మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేస్తాం, లేదా ఎంజీఎంలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్తాం. ఇల్లు లేనివాళ్లకు మానసిక వైద్యం ఉచితంగా అందాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది.

మీకు ఎవరైనా అలా కనబడితే పేరు, ఆర్మీ నంబర్, యూనిట్ కాగితం మీద రాసుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఇవ్వండి. వృద్ధులైతే 14567 ఎల్డర్‌లైన్‌కు కూడా చెప్పొచ్చు. మనిషి ఏ చోట ఉన్నాడో గుర్తులతో చెప్పండి. "స్టేషన్ దగ్గర" అంటే మాకు దొరకడు.