ఇంట్లో ఉన్నదే బడి అడుగుతోంది: హైదరాబాద్ చదువుల వెనక వందేళ్ల కథ

ఏ బడి ఎవరి పిల్లలకో నిజాం కాలంలో పేరే చెప్పేది. ఇప్పుడు బేగంపేటలో ఉన్న హైదరాబాద్ పబ్లిక్ స్కూల్, 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన జాగీర్దార్ కాలేజీయే. జాగీర్లు రద్దయ్యాక 1951లో పేరు మారింది. ఆ కాలేజీ కంటే ముందు, 1910 నుంచే, దళిత ఉద్యమ నాయకుడు భాగ్యరెడ్డి వర్మ ఇదే నగరంలో దళిత పిల్లలకు బడులు పెడుతూ వచ్చారు.

1918లో మొదలైన ఉస్మానియా యూనివర్సిటీ పాఠాలు ఉర్దూలో చెప్పింది. దేశభాషలో పైచదువు నిజంగా గొప్ప ప్రయత్నం. కానీ రాజ్యంలో ఎక్కువమంది ఇళ్లలో మాట తెలుగు, మరాఠీ, కన్నడ. ఉర్దూ నడిచే ఇంటి పిల్లలు మొదటి రోజే ముందున్నారు. 1948 తర్వాత ఆ స్థానం ఇంగ్లీషుకు వచ్చింది. అప్పుడు పాతబస్తీ ఉర్దూ ఇళ్లూ వెనకబడ్డాయి. భాష ఏదైనా, దాన్ని ఇంటి నుంచే తెచ్చుకోవాలన్న షరతు మాత్రం పోలేదు.

2002 నుంచి యంగ్ లైవ్స్ అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, హైదరాబాద్‌తో కలిపి, దాదాపు 3,000 మంది పిల్లల ఎదుగుదలను గమనిస్తూ వచ్చింది. ఐదేళ్ల వయసుకే, అంటే ఒకటో తరగతి గడప తొక్కకముందే, పేదింటి పిల్లలకూ ఉన్నవాళ్ల ఇంటి పిల్లలకూ తెలిసిన మాటల్లో తేడా బయటపడింది. ఆ తేడాకు బడిని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. దాన్ని తగ్గించే పని మాత్రం బడిదే.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లీష్ మీడియం వచ్చింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో అచ్చువేశారు. మంచి ఏర్పాటు, వాడితేనే. చాలాచోట్ల జరిగేది వేరు. బోర్డు మీది జవాబును పిల్ల నోట్సులో దించుకుంటుంది, అక్షరం పొల్లుపోకుండా బట్టీ పడుతుంది. ప్రశ్నలో ఒక్క మాట మారితే ఆగిపోతుంది. ఇంట్లో డైరీ చదివేవాళ్లు ఉంటే ఆ తప్పు ఆ రాత్రే దొరుకుతుంది. తల్లి ఇళ్లల్లో పనికి, తండ్రి అడ్డా మీదికి వెళ్లే ఇంట్లో అది పరీక్ష దాకా దాగి ఉంటుంది. ట్యూషన్‌లోనూ తరచుగా ఆ బట్టీయే సాగుతుంది.

బడిలోనే చేయగలిగింది ఉంది. ముందు తెలుగు పేజీ చదివించాలి. పుస్తకం మూయించి, అర్థమైంది సొంత మాటల్లో చెప్పించాలి. ఆ పాఠంలో తప్పనిసరైన ఐదారు ఇంగ్లీష్ మాటలు నేర్పాలి. జవాబు రాయించడం ఆఖరున. వరస తలకిందులైతే మళ్లీ బట్టీయే.

2020లో బడులు మూతపడినప్పుడు సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, రాష్ట్ర ప్రభుత్వ టీ–శాట్ చానెళ్లలో పాఠాలు వచ్చాయి. ఒకే గదిలో నలుగురు, ఒకే ఫోను, అదీ పగలంతా తండ్రి జేబులో. ఇంటి తేడా అంత సూటిగా ఎన్నడూ కనబడలేదు.

ఇంటి లోటును బడిలోనే తీర్చాలన్న ఆలోచనకు గురుకులాలే పెద్ద ఉదాహరణ. 1971లో పి.వి. నరసింహారావు హయాంలో అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటిది వచ్చింది. అయితే ఐదో తరగతి ప్రవేశానికీ ఇంటివాళ్ల తెలివిడి కావాలి. దరఖాస్తుకు కులం, ఆదాయం సర్టిఫికెట్లు అడుగుతారు. పట్టణాల్లో ఏడాది ఆదాయం 2 లక్షలు దాటకూడదు. పాలమూరు నుంచి పనికొచ్చిన కుటుంబానికి కాగితాలు ఊళ్లో ఉంటాయి. ఆధార్‌లో పేరు ఒకలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటుంది. దిద్దించుకునేలోపు గడువు దాటుతుంది. నాలుగో తరగతి టీచరు దసరా సెలవుల్లోపే ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్న పిల్లల తల్లిదండ్రులను ఆధార్ సెంటరుకు పంపితే నోటిఫికేషన్ వచ్చాక పరుగులు తప్పుతాయి.