కుళాయి ఎప్పుడొస్తుందో తెలియని ఇల్లు

అమెరికాలో ఉంటున్న ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. శనివారాలు, ఉచితంగా సరుకులు పంచే చోట సాయానికి వెళ్తారట. "వరుసలో నిలబడిన ఆడవాళ్ళలో చాలామంది భారీకాయులే. వీళ్ళు తిండికి ఇబ్బంది పడుతున్నారంటే ఎలా నమ్మాలి?" అని ఆయన సందేహం.

ఆయన చూసినదానిలో పొరపాటు లేదు. అమెరికాలో 1994-96 మధ్య జరిగిన ఆహార సర్వేను విశ్లేషించి 2001లో ఒక బృందం లెక్క చెప్పింది. తిండికి దిగులు లేని ఆడవాళ్ళలో 34 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. కాస్త దిగులున్నవారిలో 41 శాతం, అంతకన్నా ఎక్కువ దిగులున్నవారిలో 52 శాతం! మగవాళ్ళలో మాత్రం ఇలాంటి సంబంధమేదీ కనిపించలేదు.

కడుపు మాడడం వేరు, రేపు పొయ్యి వెలుగుతుందో లేదో తెలియకపోవడం వేరు. రెండోదాన్నే ఆహార అభద్రత అంటున్నారు. మున్సిపాలిటీ కుళాయితో పోల్చి చూడండి. రోజంతా నీళ్ళొచ్చే ఇంట్లో ఒక బకెట్ చాలు. ఎప్పుడొస్తాయో తెలియని ఇంట్లో బిందెలు, డ్రమ్ములు, ఆఖరికి పప్పు గిన్నెలు కూడా నిండి ఉంటాయి. కొత్తగా వచ్చిన చుట్టం అది చూసి, ఈ ఇంటికి నీళ్ళకేం కొదవ అనుకుంటాడు. ఒంటికి కొవ్వే డ్రమ్ము.

అలాగని ఎన్ని డ్రములైనా పెట్టుకోలేం, ఇల్లు ఇరుకైపోతుంది. పిట్టకైతే ప్రాణం మీదికే వస్తుంది. ఒళ్ళు బరువెక్కితే ఎగరడం ఆలస్యమై డేగ నోట పడుతుంది. బ్రిటన్‌లో పురుగుమందుల వల్ల డేగలు తగ్గిపోయిన కాలంలో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్టలు బరువు పెరిగాయి, డేగలు తిరిగి రాగానే తగ్గాయి. ఒకపక్క ఆకలి భయం, మరోపక్క డేగ భయం. ఈ రెండూ కలిసి ఎంత కొవ్వు దాచుకోవాలో తేలుస్తాయి.

డేనియల్ నెటిల్, మెలిస్సా బేట్‌సన్ తదితర శాస్త్రవేత్తలు 2017లో ఈ పిట్టల లెక్కను మనుషులకు అన్వయించి చూశారు. దానికి 'బీమా సిద్ధాంతం' అని పేరు. 2021లో బేట్‌సన్ బృందమే ప్రచురించిన స్టార్లింగుల ప్రయోగం నాకు మరీ ఇష్టం. ఇవి మన గోరింకల కుటుంబానికి చెందిన పక్షులు. మేత దొరుకుతుందో లేదో తెలియనివ్వకుండా పెంచితే బరువు పెరిగాయి, కానీ ఎక్కువ తినలేదు! ఉన్న మేతనే పొదుపుగా వాడుకున్నాయి. "గాలి పీల్చినా ఒళ్ళొస్తోంది" అని వాపోయేవారిని చూసి మనం నవ్వుతాం. బడిలో మనకు బరువంటే తిన్నదానిలోంచి ఖర్చయినది తీసేసే లెక్క అని నేర్పారు. తిండి మీద నమ్మకం పోతే ఖర్చు కూడా మారిపోతుందని ఎవరూ చెప్పలేదు.

అయితే నెటిల్ బృందం పాత అధ్యయనాలన్నీ కలిపి చూసినప్పుడు, తిండి దిగులుకూ లావుకూ ఉన్న సంబంధం గట్టిగా నిలిచింది ధనిక దేశాల వయోజన స్త్రీలలోనే. పేద దేశాల సంగతి కుళాయితోనే తేలిపోతుందని నాకనిపిస్తుంది. నీళ్ళే రాని చోట డ్రమ్ము కొని ఏం లాభం? మన దేశంలో 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 24 శాతం స్త్రీలు అధిక బరువుతో, 18.7 శాతం ఉండాల్సినదానికన్నా సన్నగా ఉన్నారు. లావు ఇక్కడ ఇప్పటికీ ఎక్కువగా కలిగిన ఇళ్ళలోనే.

మరి ధనిక దేశంలోనైనా మగవాడి ఒంట్లో డ్రమ్ము ఎందుకు నిండదు? బీమా సిద్ధాంతం ఒక్కటే చాలదని దాని కర్తలే ఒప్పుకున్నారు. నా చూపు మాత్రం వంటింటి వైపు పోతుంది. ఇల్లంతటికీ ఒకే కుళాయి అయినా అందరికీ ఒకే ధార రాదు. సరుకులు తగ్గినప్పుడు పిల్లలకు పెట్టి తాను మానుకునేది తల్లి అని కెనడాలో పేద ఒంటరి తల్లులపై జరిగిన అధ్యయనంలో తేలింది. అమెరికాలో ప్రభుత్వ ఆహార సాయం కార్డులో నెలకొక్కసారే పడుతుంది. మొదటి వారం ఇంట్లో అన్నీ ఉంటాయి. చివరి వారానికి అడుగంటుతాయి. ఆ ఇంటి ఇల్లాలి ఒంటికి నెలనెలా ఒక చిన్న కరువు, వెంటనే ఒక చిన్న పండగ.