చైనా, అమెరికా సాఫ్ట్‌వుడ్ దిగుమతులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కోసిన కలప దిగుమతి పెరిగిందంటే, ఆ దేశానికి కలప అవసరం అంత పెరిగినట్టే.

కాదు. నా దగ్గరికి వచ్చే పట్టికల్లో ఎక్కువ భాగం ఇక్కడే దెబ్బతింటాయి. కస్టమ్స్ లెక్కల్లో కోసిన కలపకి ఇచ్చే 4407 కోడ్ ఒక్కటే తీసి, అమెరికా పక్కన చైనాని పెట్టి గీత గీసేస్తారు. సాఫ్ట్‌వుడ్‌లో, అంటే పైన్, స్ప్రూస్ లాంటి సూది ఆకుల చెట్ల కలపలో, అమెరికా తెచ్చుకునేది దాదాపు అంతా కోసిన కలపే, అందులోనూ ఎక్కువ కెనడా నుంచే. చైనా కథ వేరు. 1998 వరదల తర్వాత సహజ అడవుల్లో చెట్లు నరకడంపై ఆంక్షలు పెట్టి, బయటి నుంచి దుంగలు తెచ్చి సొంత మిల్లుల్లో కోసుకుంది. దుంగలు 4403 అనే వేరే కోడ్‌లో ఉంటాయి. అది చూడకపోతే ఆ తొలి ఏళ్లలో చైనా కలప పెద్దగా కొననట్టు కనిపిస్తుంది.

తర్వాత, చైనాకి ఎక్కువ దుంగలు పంపుతున్న రష్యా, దుంగల ఎగుమతి సుంకాన్ని 2007లో 20 శాతానికి, 2008లో 25 శాతానికి పెంచింది. దాంతో కోత పని చాలావరకు సరిహద్దుకు అవతలే మొదలైంది. 2022 జనవరి నుంచి సాఫ్ట్‌వుడ్ దుంగల ఎగుమతినే ఆపేసింది.

ఒక చిన్న ఎగుమతిదారు 2008 తర్వాత చైనా కోసిన కలప దిగుమతి గీత ఎక్కడం చూసి, అప్పు చేసి మిల్లు పెంచుదామనుకున్నారు. పాపం, నిద్ర కూడా పట్టట్లేదన్నారు. ఆయన పట్టికలోనే పక్కన రష్యా దుంగల కాలమ్ పెట్టి చూపించాను. ఒకటి ఎక్కుతుంటే ఒకటి దిగుతోంది. పెరుగుదలలో పెద్ద భాగం కొత్త గిరాకీ కాదు, దుంగగా వచ్చేది పలకగా వస్తోంది, అంతే. ఒక ఘనపు మీటరు పలకకి, మిల్లుని బట్టి, రెండు ఘనపు మీటర్ల వరకు దుంగ పడుతుంది. అందుకే రెండు దేశాలకీ, అన్ని ఏళ్లకీ ఒకే గుణకంతో దుంగల లెక్కలోకి మార్చి, 4403, 4407 కలిపి పోల్చండి.

అపోహ: డాలర్లలో పోల్చినా ఒకటే.

2021 మేలో అమెరికాలో వెయ్యి బోర్డ్ ఫుట్ల (అక్కడ కలప కొలిచే యూనిట్) కోసిన కలప ఫ్యూచర్స్ ధర, అంటే ముందస్తు ఒప్పందాల ధర, 1,600 డాలర్లు దాటింది. ఆగస్టుకల్లా 600 లోపుకి దిగింది. ఆ ఏడాది విలువని పట్టుకుని "దిగుమతులు రికార్డు" అని పుకార్లు పుట్టించేవాళ్లని చూస్తే నాకు ఓపిక ఉండదు. పైగా చైనా విలువలో రవాణా, బీమా ఖర్చులు కలిసి ఉంటాయి, అమెరికా కస్టమ్స్ విలువలో ఉండవు. పరిమాణం చూడండి.

అపోహ: బోర్డ్ ఫుట్లని ఘనపు మీటర్లుగా మార్చడానికి, వెయ్యికి 2.36 అనే లెక్క చాలు.

టూ బై ఫోర్ (రెండు అంగుళాలు, నాలుగు అంగుళాలు) అని అమ్మే చెక్కని టేపుతో కొలవండి: ఒకటిన్నర అంగుళం, మూడున్నర అంగుళాలు. 2.36 అనేది పేరుకి చెప్పే సైజు లెక్క. చేతికొచ్చే కలప ప్రకారం ఈ సైజులో వెయ్యి బోర్డ్ ఫుట్లంటే సుమారు 1.55 ఘనపు మీటర్లే.

అపోహ: 2017లో సాఫ్ట్‌వుడ్ దిగుమతులు ఆగిపోయాయి.

2017లో సున్నాకి పడిపోయే గీత చూసి టెన్షన్ పడే విద్యార్థులు ఏటా కనిపిస్తారు. డేటా పోలేదు. 4407లో సాఫ్ట్‌వుడ్‌కి ఉన్న 440710 కోడ్ రద్దై 440711, 440712, 440719గా చీలింది. 2022లో 440713, 440714 కూడా చేరాయి. అన్నీ కూడితే గీత అతుక్కుంటుంది. కొత్త కోడ్‌లకి అన్ని దేశాలూ ఒకే ఏడాది మారవు కాబట్టి, ఏ దేశం ఏ ఏడాది మారిందో ముందు చూసుకోండి.